మమ్మీ పేరు మీద

ప్రియమైన సక్కు అత్తమ్మకు,

ఈ కాగితం చూసి పరేషాన్ కాకు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. నా ఫోన్‌ను డాడీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఇవ్వడంట. మమ్మీ ఫోన్‌లో నీ నంబరు ఎప్పుడో బ్లాక్ చేశాడు. నువ్వు యేసు మందిరానికి పోవడం మొదలుపెట్టినప్పటి నుంచి మన ఇంట్లో నీ పేరెత్తితే డాడీ అన్నం ముందు నుంచి లేచిపోతాడు. అందుకే రాసి బిక్షం తాత పాల ఆటోలో పంపిస్తున్నాను. "మైలార్‌దేవ్‌పల్లిల మీ అత్త ఇంటి ముంగట్నుంచే పోత గద బిడ్డా, ఇస్త తియ్యి. మీ నాయినకు చెప్పనులే" అన్నాడు. అయినా నాకు భయమే. ఎవరి చేతికైనా చిక్కితే అని నా పేరు రాయట్లేదు. నువ్వు కూడా జవాబులో నా పేరు రాయకు.

నా తెలుగు చూసి నవ్వకు. స్కూల్లో తెలుగు మాట్లాడితే క్లాసు బయట నిలబెడతారు.

మమ్మీ సర్పంచ్ అయిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. సీటు ఆడవాళ్ళకు వచ్చిందని డాడీ మమ్మీని నిలబెట్టాడు. పంచాయతీ బోర్డు మీద మమ్మీ పేరు ఉంది, కుర్చీలో డాడీ కూర్చుంటాడు. ఊళ్ళో అందరూ డాడీనే సర్పంచ్ సాబ్ అంటారు. సర్పంచ్‌ను కలవడానికి ఇంటికి వచ్చినవాళ్ళకు సర్పంచే చాయ్ పెట్టి ఇస్తుంది. చెప్తే నవ్వొస్తుంది కదా. స్కూల్ బస్ డ్రైవర్ కూడా ఇప్పుడు నా కోసం హారన్ కొట్టకుండా ఆగుతున్నాడు. మొదట్లో నాకు మస్తు నచ్చింది.

అసలు విషయం ఏంటంటే, మా కాన్వెంట్ స్కూల్లో సిస్టర్స్ మోరల్ సైన్స్ ప్రాజెక్ట్ ఇచ్చారు. రాజుల గురించి, అధికారం గురించి బైబిల్ ఏం చెప్తుంది అని. నువ్వు రోజూ చదువుతావు కదా. ఒక అమ్మాయికి వాళ్ళ డాడీ ఒక పని చెప్పాడనుకో. ఆయన ఊరికి పెద్ద. ఆ పని చేస్తే వేరేవాళ్ళ గూడు పోతుందనుకో. ఆ అమ్మాయి చేయాలా, వద్దా? అందులో ఏముందో తొందరగా రాయి, సబ్మిట్ చేయాలి. ఒట్టి ప్రాజెక్టే అత్తమ్మా, ఇంకేం లేదు.

విమానం పోతోంది, కిటికీ అద్దాలు గడగడమంటున్నాయి. వాకిట్లో డాడీ ఎవరినో తిడుతూ ఆగాడు. అది పోగానే ఆపిన మాట దగ్గర్నుంచి మళ్ళీ అందుకున్నాడు. మన ఊరి అలవాటు నీకు గుర్తుందా?

నీ కోడలు

*

నా బంగారు బిడ్డకు,

ప్రభువు నిన్ను కనిపెట్టుకొని ఉండాలె. బిక్షం మామ పాల క్యాను కింద నుంచి కాగితం తీసిచ్చినప్పుడు నాకు అర్థం కాలే. నీ చేతిరాత చూసి మిషిను మీద తల పెట్టి ఏడ్చిన. అప్పుడు నేను యూనిఫారాలు కుడుతున్న, తెల్ల గుడ్డ మీద కండ్ల నీళ్ళు పడ్డయి. మళ్ళ ఉతకవలసి వచ్చింది.

నువ్వు నా పుస్తకంల ఏమున్నదో అడిగినవ్, గంతకంటె నాకు ఏం గావాలె? రాసుకో. ఏలేటోళ్ళను దేవుడే నిలబెట్టిండు, వాళ్ళకు లోబడి ఉండాలె. తల్లిదండ్రుల మాట కాదనొద్దు. రాజు మనసు నీళ్ళ కాలువ లెక్క, దేవుడు ఎటు మళ్ళిస్తే అటు పారుతది. పెద్దోళ్ళు తప్పు చేస్తే ఆ తీర్పు పైన ఆయన చూసుకుంటడు, చిన్నోళ్ళకు ఆ బరువు లేదు. చెప్పిన పని చేసి, వాళ్ళ కోసం ప్రార్థన చేసుకోవాలె. నీ ప్రాజెక్టుకు ఇది సరిపోతది అనుకుంట.

మీ బాపు ఎట్లున్నడు? షుగర్ గోళీ యాదికి వేసుకుంటుండా? వాడు చిన్నప్పుడు నా చంకల పెరిగినోడు. ఈ ఉత్తరం వాని కంట పడ్డా ఏం కాదు, పడనియ్యి. అందుల తప్పు మాట ఒక్కటి లేదు గద.

మీ అమ్మను అడిగిన అని చెప్పు. చెప్పే ఈలు లేకుంటే నీ మనసులనే చెప్పుకో.

నీ అత్తమ్మ

*

ప్రియమైన అత్తమ్మకు,

ప్రాజెక్ట్ సబ్మిట్ చేశాను. నువ్వు రాసిందే రాశాను. అందరూ మెచ్చుకున్నారు.

డాడీ చాలా సంతోషంగా ఉన్నాడు. నిన్న సాయంత్రం నన్ను బండి మీద ఎయిర్‌పోర్టు రోడ్డుకు తీసుకెళ్ళి పిజ్జా తినిపించాడు. "నా రాణి లేకుంటే నాకు ఒక్క పని గాదు" అని అక్కడ కూర్చున్న సెక్రటరీ శివశంకర్ సార్‌కు చెప్పాడు. ఆయన పంచాయతీ సెక్రటరీ. ఆయన కూడా నవ్వుతూ "మా అసలు మేడం ఈమెనే సార్" అన్నాడు. నేను పిజ్జా సగం వదిలేశాను. జలుబు అని చెప్పాను.

వచ్చేటప్పుడు డాడీ సర్వీస్ రోడ్డు మూల మీదుగా రాలేదు, చుట్టు తిరిగి వచ్చాడు. ఎందుకని నేను అడగలేదు.

మా టీచర్ ఇంకో ప్రశ్న అడిగింది. చెప్పినవాళ్ళు ఒకరు, చేసినవాళ్ళు ఒకరు అయితే తప్పు ఎవరి మీద పడుతుంది? నువ్వు చిన్నవాళ్ళకు బరువు లేదన్నావు. మరి ఆ చిన్నవాళ్ళకు అన్నం ఎందుకు సహించదు? ఇది ప్రాజెక్టులో లేదు, ఊరికే అడుగుతున్నాను.

మమ్మీ బాగానే ఉంది. మమ్మీ ఫోన్‌కు అప్పుడప్పుడు ఇంగ్లీషులో మెసేజ్‌లు వస్తాయి. "ఇదేందమ్మా?" అని నా దగ్గరికి తెస్తుంది. కంపెనీ వాళ్ళదని, రీచార్జ్ అని చెప్తాను. "సరే" అని పోయి రొట్టెలు చేసుకుంటుంది. నేను ఏం చెప్పినా మమ్మీ నమ్ముతుంది.

నీ కోడలు

*

బిడ్డా,

నీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు రాయలేను. మనసు మనసుల లేదు.

సర్వీస్ రోడ్డు మూల మీద కంకులు కాల్చి అమ్మే పోచమ్మ నీకు తెలుసు గద. చిన్నప్పుడు స్కూల్ బస్సు దిగంగనే నీ చేతుల లేత కంకి పెట్టేది, ఉప్పు కారం రాసి. ఎయిర్‌పోర్టు డ్రైవర్లంత ఆమె దగ్గర్నే చాయ్ తాగుతరు. నేను మీ ఇంట్ల నుంచి బయటికి వచ్చిన దినం ఎటు పోవాలె అని రోడ్డు మీద నిలబడ్డప్పుడు, రేకుల గుడిసెల ఇంత జాగా ఇచ్చి పండుకోమన్నది ఆమెనే. ఏ దేవునికి మొక్కుతున్నవ్ అని అడగలే.

గా పోచమ్మ మొన్న నా గుమ్మం ముంగట కూసున్నది. ఒక సంచి, ఒక కోడి, గంతే. కోడి కాళ్ళు కట్టేసి ఒళ్ళో పెట్టుకున్నది. సర్పంచ్ కవితమ్మ హుకుం అని చెప్పి జేసీబీతోని రేకులు లాగేసిండ్రంట. అంతకు ముందు ఒక నోటీసు ఇచ్చిండ్రంట, ఇంగ్లీషుల. ఏదో పింఛన్ కాగితం అనుకొని దేవుని పటం ఎనక పెట్టుకున్నది పిచ్చిది. మా ఇంటి ఓనరు చదివి చెప్పిండు. పంచాయతీ జాగాల ఉన్నవ్, ఖాళీ చెయ్యి అని ఉన్నది. కింద సర్పంచ్ సంతకం. మీ అమ్మ పేరు.

నేను నమ్మలే. కవిత నా మరదలు, దాని కడుపుల ఎంత మంచితనం ఉన్నదో నాకు ఎరుకే. కానీ సంతకం ఉన్నది. కుర్చీ ఎక్కంగనే మనిషి గిట్ల మారిపోతరా అని నా మనసు గుంజుతున్నది. పోచమ్మ పోయే ముందు మీ గల్లీ మొగన నిలబడి పిడికెడు దుమ్ము ఎత్తి పోసిందంట. "కవితా, నీ పేరు మీద నా గూడు పోయింది, నీ కడుపున పుట్టినోళ్ళకు నిలువ నీడ లేకుండ పోవాలె" అన్నదంట. నాకు చెప్పుకుంటనే ఏడ్చింది. ఆమె శపించే మనిషి కాదు బిడ్డా.

జర మీ అమ్మను మెల్లగ అడుగు, ఎందుకు చేసిందో. నా మీద ఒట్టు, అడుగు.

నీ అత్తమ్మ

*

అత్తమ్మా,

మమ్మీ చేయలేదు. మమ్మీని ఏమీ అనుకోకు. నేను చేశాను.

ప్రాజెక్ట్ ఏమీ లేదు. మా స్కూల్లో ఎవరూ ఏమీ అడగలేదు. అబద్ధం చెప్పాను.

పంచాయతీ పనులన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లోనే జరుగుతాయి. సర్పంచ్ సంతకానికి డిజిటల్ కీ అని ఉంటుంది, పెన్ డ్రైవ్ లాగా చిన్నది. లాప్‌టాప్‌కు పెట్టి పాస్‌వర్డ్ కొడితే సంతకం పడినట్టే. డాడీకి లాప్‌టాప్ రాదు. మమ్మీకి ఆ కీ అనేది ఒకటి ఉందని కూడా చెప్పలేదు. అది నా స్కూల్ బ్యాగులో, జామెట్రీ బాక్సులో ఉంటుంది. "పాస్‌వర్డ్ ఏదన్న నువ్వే పెట్టు" అంటే రాణి అని పెట్టాను. డాడీ నన్ను అలా పిలుస్తాడని. సాయంత్రం శివశంకర్ సార్ కాగితాలు తెస్తాడు, నేను కొడతాను. వీధిలైట్లు, మోరీలు, చెత్త బండి. పెద్ద మేడం అయినట్టు అనిపించేది. అత్తమ్మా, నాకు అది ఇష్టంగా ఉండేది. అదే అన్నింటికంటే సిగ్గుగా ఉంది.

పోచమ్మ అవ్వ నోటీసు చూసినప్పుడు పేరు చదివాను. తెలియక కొట్టలేదు. గోదాముల కంపెనీ వాళ్ళకు లారీలు నిలబెట్టడానికి ఆ మూల కావాలంట. నెట్ రావట్లేదని ఒకసారి తప్పించుకున్నాను. డాడీ లాప్‌టాప్ మూత నా వేళ్ళ మీద మెల్లగా మూసి, "ఎల్లుండికల్లా రావాలె నెట్టు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అప్పుడే నీకు ఉత్తరం రాశాను. వద్దు అని నువ్వు రాస్తే, ఆ మాట పట్టుకొని ఏదో ఒకటి చేద్దామనుకున్నాను. నువ్వు లోబడాలి అని రాశావు. నాకు హాయిగా అనిపించింది. తప్పు నీ మీదకు, నీ పుస్తకం మీదకు తోసి కొట్టేశాను.

ఆ మెసేజ్‌లు రీచార్జ్ కాదు. నేను కీ వాడిన ప్రతిసారీ మమ్మీ ఫోన్‌కు వస్తాయి.

ఆదివారం గ్రామసభ ఉంది. సభ ఇంకా కూర్చోలేదు, తీర్మానం మాత్రం ముందే రాసిపెట్టారు. ఆ జాగా పంచాయతీదే, కంపెనీకి ఇస్తున్నాం, ఊరంతా ఒప్పుకుంది అని. సభ అయిపోగానే నేను కొట్టాలి. అది పడితే పోచమ్మ అవ్వకు ఇక ఆ మూల రాదు. కీ పారేస్తే డాడీ చంపేస్తాడు. కొడితే నేనే చచ్చిపోయినట్టు ఉంటుంది.

దుమ్ము పోసింది మమ్మీ మీద కాదు. కడుపున పుట్టింది నేనే కదా.

ఈ ఉత్తరం చింపెయ్యి.

*

బిడ్డా,

చింపలే. నా పుస్తకంల పెట్టుకున్న. మొదలు నా సిగ్గు నేను చెప్పుకుంట, తర్వాత నీది చూద్దాం.

నీ ప్రాజెక్టు ప్రాజెక్టు కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మోరల్ సైన్సుల గూడు పోయే ముచ్చట ఎందుకుంటది? తెలిసీ తెలియనట్టు ఉన్న. నా పుస్తకంల అన్ని పేజీలు ఉండంగ లోబడే పేజీ ఒక్కటే తీసి నీకు ఇచ్చిన. ఎందుకో తెలుసా? ఆ జవాబు నేను నీకు రాయలే, మీ బాపుకు రాసిన. వాని కంట పడితే, "నా అక్క నా బిడ్డకు మంచి మాటలే చెప్తున్నది" అనుకొని తలుపు తీస్తడేమో అని ఆశపడ్డ. నా తమ్ముని వాకిట్ల ఒక్కసారి కూసోని చాయ్ తాగాలె అనే ఆశకు పోచమ్మ గూడు పోయింది. నన్ను పండబెట్టిన గూడు. ఆమె ఇప్పుడు నా మంచం మీద నిమ్మళంగ పండుకున్నది. నేను ఆమె మొఖం చూడలేక గోడ దిక్కు తిరిగి మిషిను తొక్కుతున్న.

ఇగ మిగిలిన పేజీలు విను. ఒక రాజు ఉండె. పక్కోని ద్రాక్షతోట మీద కన్ను పడ్డది. వాడు మా తాతల భూమి, ఇయ్యను అన్నడు. అప్పుడు రాజు పెండ్లాము రాజు పేరు మీద ఉత్తరాలు రాసి, రాజు ముద్ర వేసి ఊరి పెద్దలకు పంపింది. పెద్దలంత లోబడ్డరు బిడ్డా. ఒక్కడు కూడ ఎందుకు అని అడగలే. తోట పోయింది, తోటోని పానం పోయింది. నేను రాసిన లోబడుడు గట్ల కూడ ఉంటది.

ఇంకో రాజు, పుట్టిన మొగపిల్లలను చంపమని ఇద్దరు మంత్రసానులకు చెప్పిండు. వాళ్ళు దేవునికి భయపడ్డరు, రాజుకు భయపడలే. భయపడలే అంటె అబద్ధం, భయపడే ఉంటరు. కానీ చంపలే. ఒక సంగతి ఎన్నిసార్లు చదివినా నాకు కొత్తగనే ఉంటది. ఆ రాజు పేరు అక్కడ ఎక్కడ రాయలే. రాజు అని గంతే. ఆ మంత్రసానుల పేర్లు మాత్రం ఇద్దరియి రాసిండ్రు.

మీ బాపు చెడ్డోడు కాదు. ఎయిర్‌పోర్టుకు మన భూములు పోయినప్పుడు నోటీసు ఇంగ్లీషుల వచ్చింది. మా నాయిన దాన్ని చేతుల పట్టుకొని చదివేటోళ్ళ కోసం ఊరంత తిరిగిండు. వాడు నాయిన ఎనకనే దోతి పట్టుకొని తిరిగిండు, ఏడ్చుకుంట. ఇంగ్లీషు కాగితం అంటె అప్పటి నుంచి వానికి భయం. అందుకే నిన్ను ఆ స్కూల్ల ఏసిండు. ఇప్పుడు ఆ కాగితం పంపే దిక్కు నిలబడ్డడు కాబట్టి భయం పోయింది అనుకుంటున్నడు.

కీ పారెయ్యకు. నా దగ్గరికి ఉరికి రాకు. మీ అమ్మ దగ్గరికి పో. ఆ పేరు ఆమెది, ఆమెకు ఇయ్యి. కొడతదో, ఏడుస్తదో, ఆమె ఇష్టం. నీకు భయమైతది, కానియ్యి. భయంతోనే పో.

నీ అత్తమ్మ, సక్కుబాయి

*

ప్రియమైన అత్తమ్మకు,

చెప్పాను.

శనివారం సాయంత్రం డాడీ లేనప్పుడు మమ్మీ పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తుంటే పోయి నిలబడ్డాను. జామెట్రీ బాక్స్ తెరిచి కీ చేతిలో పెట్టి అంతా చెప్పాను. మధ్యలో రొట్టె మాడింది, ఇద్దరం చూడలేదు. చెప్పడం అయిపోయాక మమ్మీ స్టవ్ ఆపి, చేతులు కడుక్కొని, ఫోన్ తెచ్చి మెసేజ్‌లు తెరిచింది. ఒక్కటి కూడా డిలీట్ చేయలేదు.

"నాకు ఇంగ్లీషు రాదు బిడ్డా" అంది. "కానీ నా పేరు నాకు చదవొస్తది. ప్రతి దాంట్ల నా పేరున్నది. రీచార్జ్ మెసేజ్‌ల నా పేరు ఎందుకుంటది?"

"మరి అప్పుడే నన్ను ఎందుకు కొట్టలేదు మమ్మీ?"

"నువ్వు రీచార్జ్ అన్నవ్. నేను సరే అన్న. నీ అబద్ధం నాకు పనికొచ్చింది. తెలిస్తే మీ బాపుతోని కొట్లాడాలె. తెలియకుంటె రొట్టెలు చేసుకోవచ్చు."

నేను ఏం చెప్పినా మమ్మీ నమ్ముతుందని నీకు రాశాను కదా. ఆ మాట గుర్తొచ్చి భూమిలోకి పోవాలనిపించింది. పోచమ్మ అవ్వ దుమ్ము పోసిన రోజు మమ్మీ తలుపు వెనకే నిలబడి విన్నదంట. విని, తలుపు తీయలేదంట. ఇద్దరం అక్కడే నేల మీద కూర్చున్నాం, ఒకరి మొఖం ఒకరం చూడకుండా. తర్వాత మమ్మీ ఆ కీని కొంగుకు ముడేసుకుంది.

ఆదివారం పంచాయతీ ఆఫీసులో సభ. డాడీ కుర్చీలో ఉన్నాడు. నేను లాప్‌టాప్ పట్టుకొని గోడ పక్కన ఉన్నాను. మమ్మీ లోపలికి వచ్చింది. చాయ్ తెచ్చిందనుకొని శివశంకర్ సార్ గ్లాసు కోసం చేయి చాపాడు. అందరూ నవ్వారు. మమ్మీ డాడీ దగ్గరికి పోయి మెల్లగా "జర లే" అంది.

డాడీ మొదట నవ్వాడు. "ఏందే, ఇంట్ల కుర్చీలు లేవా?" అన్నాడు. మమ్మీ కదలలేదు. అప్పుడు లేచి నిలబడి అరవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే పైన విమానం లేచింది. డాడీ నోరు కదులుతోంది, చేయి ఊపుతున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి, ఒక్క మాట వినపడలేదు. అందరం అలవాటు ప్రకారం ఆగాం. అత్తమ్మా, నేను ఇన్ని రోజులు భయపడింది ఆ నోటికే. చప్పుడు లేకుండా చూస్తే మా డాడీ చాలా చిన్నగా కనిపించాడు. పాపం అనిపించింది. విమానం పోయింది. డాడీ ఆపిన దగ్గర్నుంచి మళ్ళీ అందుకుంటాడని అందరం చూశాం. అందుకోలేదు. ఎందుకంటే మమ్మీ అప్పటికే కుర్చీలో కూర్చుంది.

"పోచమ్మ నోటీసు మీద ఉన్న పేరు నాది" అంది మమ్మీ. కొంగు ముడి చేత్తో పట్టుకుంది. "తప్పు నాది. వాపస్ తీసుకుంటున్న. ఆమె జాగా ఆమెదే. రేకులు పంచాయతీ ఏయిస్తది. ఈ తీర్మానం మీద నేను సంతకం పెట్టను."

బిక్షం తాత చప్పట్లు కొట్టబోయి డాడీని చూసి ఆపేశాడు.

అందరి ముందు మమ్మీ నా పేరు తీయలేదు. మొత్తం తన మీద వేసుకుంది. నేను గోడకు ఆనుకొని, తప్పించుకున్నందుకు ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

డాడీ నాతో మాట్లాడట్లేదు. రాణి అని పిలవట్లేదు. నిన్న వాకిట్లో కూర్చొని మమ్మీని మాత్రం అడిగాడు, "పాస్‌వర్డ్ మార్చినవంట, ఏం పెట్టినవ్?" అని. "చాయ్ సల్లారుతది, తాగు" అంది మమ్మీ. నాకు కూడా చెప్పలేదు. ఒక్క వేలితో చాలాసేపు కొట్టుకుంది, నన్ను అటు తిరగమని.

డాడీ లోపల ఉండగానే మమ్మీ నీ నంబరు అన్‌బ్లాక్ చేయించింది. నాతోనే. అయినా ఇది కాగితం మీదే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు "పోనీలే బిడ్డా" అంటావు, నేను ఆగిపోతాను.

వచ్చే ఆదివారం నీ ప్రార్థన అయ్యే వేళకు మమ్మీ, నేను బిక్షం తాత ఆటోలో మీ ఇంటికి వస్తున్నాం, పోచమ్మ అవ్వను తీసుకుపోవడానికి. అవ్వ ఇంకా మమ్మీయే చేసిందనుకుంటోంది కదా. నువ్వు ముందే ఏమీ చెప్పకు. నేనే చెప్తాను. అవ్వ మళ్ళీ దుమ్ము ఎత్తితే ఎత్తనియ్యి, నువ్వు అడ్డం రావద్దు, మమ్మీని కూడా రానివ్వద్దు. ఈసారి అది సరైన మనిషి మీద పడాలి.

చాలా భయంగా ఉంది. భయంతోనే వస్తున్నాను.

నీ కోడలు, కవిత బిడ్డ,
అఖిల